లైన్ క్లియర్ అంటే

అమీర్‌పేటలో మా ఆఫీసు మూడో అంతస్తులో ఉండేది. కింది రెండు అంతస్తులూ కంప్యూటర్ కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్లవి. పొద్దున మెట్ల మీద క్లాసు అయిపోయి దిగేవాళ్లు, క్లాసుకు ఎక్కేవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ ఉండేవారు. "జర జరగండి" అంటే దారి ఇస్తారు. ఆ మాట అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. గట్టిగా అడిగి పైకి వెళ్లే మనిషి ఎవరైనా దొరికేదాకా గోడకు ఆనుకుని నిలబడి, వాళ్ల వెనకే ఎక్కేసేదాన్ని.

నేను అక్కడ టెస్టర్‌ని. ప్రోగ్రాం రాసేది వేరేవాళ్లు. వాళ్లు రాసింది అనుకున్నట్టు నడుస్తోందా లేదా అని ఒక్కొక్కటే నొక్కి చూసి, బాగుంటే 'పాస్' అని సంతకం పెట్టడం నా పని. తెరతో తప్ప మనుషులతో పని ఉండదని చేరాను. మాది సూర్యాపేట వైపు. నోరు తెరిస్తే 'ఉన్నడు', 'పోయిండు' అనే వస్తుంది. ఆఫీసులో ఎక్కువమంది కోస్తావాళ్లు. చెడ్డవాళ్లేం కాదు. కానీ చేరిన కొత్తలో ఒకసారి "సార్ బయటికి పోయిండు" అన్నాను. వెనక సీట్లో ఎవరో ఆ 'పోయిండు'ని సాగదీసి మళ్లీ అన్నారు, నలుగురు నవ్వారు. ఆ తర్వాత ఆఫీసులో అవసరానికి మించి మాట్లాడలేదు. అనాలనుకుని అనలేకపోయినవన్నీ యూసుఫ్‌గూడలో మా అక్క గదికి వెళ్లాక డైరీలో రాసుకునేదాన్ని. డైరీలో నేను మస్తు మాటకారిని.

మా చిన్న కంపెనీకి దొరికిన పెద్ద పని ఒక కరెంటు సంస్థది. అప్పట్లో కరెంటు పోతే ఏం జరిగేదో ఇప్పటివాళ్లకు చెప్పాలి. పేటకో ఫ్యూజ్ ఆఫీసు, దానికో ఫోను. ఫోను ఎత్తినాయన చీటీ మీద రాసుకునేవాడు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ చెడిపోతే రోడ్డుకు ఇటువాళ్లు ఒక ఆఫీసుకు, అటువాళ్లు ఇంకో ఆఫీసుకు ఫోన్ చేసేవాళ్లు. రెండు ఆఫీసుల నుంచి రెండు వ్యాన్లు బయల్దేరి అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద కలుసుకునేవి. రెండింట్లోనూ కావలసిన సామాను ఉండేది కాదు. స్టోర్‌లో ఉందో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు అక్కడిదాకా పోవాలి. మీటర్ రీడింగులు ఒకచోట, బిల్లులు ఇంకోచోట, ఫిర్యాదులు మరోచోట. వీటన్నిటినీ ఒక్క తాడుకు కట్టి, పంజాగుట్టలో కొత్తగా పెట్టిన కంట్రోల్ రూం తెర మీదికి తేవాలి. ఎవరి ఇంట్లో కరెంటు పోయిందో, ఏ వ్యాను దగ్గరలో ఉందో, స్టోర్‌లో ఏ సామాను ఉందో ఒకేచోట కనబడాలి. ఖర్చు తగ్గాలి.

"మనిషి చెవితో విని చేత్తో రాస్తున్న ప్రతిచోటా డబ్బు కారిపోతోందమ్మా. ఆ చిల్లులన్నీ పూడ్చడమే మన పని" అనేవాడు మా టీమ్ లీడర్. తెనాలి మనిషి. చురుకైనవాడు, కోపం వచ్చినా గొంతు పెంచేవాడు కాదు. అతని మాట నాకు నచ్చేది. నాకు యంత్రాల మీద కోపం లేదు, అప్పుడూ లేదు. ఒకే పనికి రెండు వ్యాన్లు పోవడం నేను కళ్లారా చూశాను.

ప్రాజెక్టు మొదట్లో నన్ను పంజాగుట్ట కంట్రోల్ రూంకి పంపారు. ఫోన్లు ఎలా వస్తాయో, ఎవరేం చెబుతారో విని రాసుకురమ్మన్నారు. వినడానికి నాకంటే తగిన మనిషి దొరకదని లీడర్ నవ్వాడు. నిజమే. ఫోన్ల దగ్గర కూర్చుంటే ఊరంతా వినబడేది. ఒకాయన కరెంటు 'పోయింది' అనేవాడు, ఇంకొకామె 'వోయింది' అనేది. వోల్టేజీ తగ్గిందని చెప్పడానికి ఒక పెద్దావిడ "ఫ్యాను నా లెక్కనే తిరుగుతుంది బిడ్డా, మోకాళ్ల నొప్పులొచ్చినట్టు" అంది. ఆపరేటర్ నవ్వు ఆపుకోలేక ఫోన్ చేత్తో మూసేశాడు.

వీటి మధ్య ఒక మాట మాత్రం జనం నుంచి కాదు, లైన్‌మన్ల నుంచి వచ్చేది. "సార్, ఎల్‌సీ ఇయ్యండి." ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు కంట్రోల్ రూంకి ఫోన్ చేసి అది అడుగుతాడు. ఆపరేటర్ ఆ ఫీడర్‌ని, అంటే అటువైపు కరెంటు మోసుకెళ్లే లైనుని, ఆపించి "ఇచ్చిన" అంటాడు. అప్పుడే అతను ఎక్కుతాడు. పని ముగించి దిగాక మళ్లీ అతనే, తన నోటితోనే, "ఎల్‌సీ రిటర్న్" అనాలి. పక్కవాళ్లు చెబితే చెల్లదు. అతని గొంతు విన్నాకే లైన్లోకి కరెంటు వదులుతారు. దాన్ని చార్జ్ చేయడం అంటారు. ఇదంతా నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. పొద్దంతా వింటూ కూర్చుంటే తెలిసిపోయింది.

పంజాగుట్ట సెక్షన్ లైన్‌మన్ ఒకతను టీ పూట కంట్రోల్ రూంకి వచ్చేవాడు. బక్కపలచని మనిషి, నోరు మాత్రం పెద్దది. నన్ను చూడగానే మొదలుపెట్టేవాడు.

"ఏం కంప్యూటరమ్మా, మా నౌకర్లు ఎప్పుడు పీకుతవ్?"

నేను తల దించుకునేదాన్ని.

"గట్లెందుకు భయపడ్తవ్? పీకితే పీకు గని, ముందుగాల మా వ్యాను డ్రైవర్ని పీకు. వాని పాటలు వినలేక చస్తున్న."

అతనితో కూడా నేను మాట్లాడింది తక్కువే. కానీ అతను నన్ను నవ్వించకుండా వెళ్లేవాడు కాదు. నా భాష మీద కాదు నవ్వేది. మాదీ అతనిదీ ఒకటే భాష.

పెద్ద అధికారుల ముందు డెమో ఇంక వారం ఉందనగా ఫీడర్ల తెర నా దగ్గరికి టెస్టింగ్‌కి వచ్చింది. కరెంటు ఆగిపోయిన ఫీడర్ ఎర్రగా కనిపించాలి, కనిపించింది. ఫిర్యాదులున్నది పసుపు. అంతా బాగున్నది పచ్చ. తర్వాత ఒక ఫీడర్ తీసుకుని, దాని స్థితి 'లైన్ క్లియర్' అని మార్చాను.

తెర మీద ఆ ఫీడర్ వరస పచ్చగా అయిపోయింది. దాని మీదున్న ఫిర్యాదులన్నీ పరిష్కారమైనవాటిలోకి వెళ్లిపోయాయి. చివర్లో 'చార్జ్' అనే బటన్ వెలిగింది.

మళ్లీ చేశాను. మళ్లీ పచ్చ.

ఎక్కడ తప్పు జరిగిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. మామూలు మాటల్లో లైన్ క్లియర్ అంటే దారి సాఫీ అయింది, ఇక పోనియ్యి అని. మావాళ్లు అలాగే అనుకున్నారు. కరెంటు పనిలో దానికి సరిగ్గా ఉల్టా. ఆగు, పైన మనిషి ఉన్నాడు అని. నాకు రెండర్థాల మాటలంటే ఇష్టం. ఆదివారాలు కోఠీ ఫుట్‌పాత్ మీద కొనే పాత పుస్తకాల్లో అలాంటిది తగిలితే డైరీలోకి ఎక్కించుకునేదాన్ని. పద్యంలో అయితే శ్లేష అంటారు, చదివి తల ఊపుతారు. మేం దానికి పచ్చరంగు వేసి, పక్కన బటన్ పెట్టాం.

లీడర్ని పిలిచి చూపించాను. ఒక్క క్షణంలో పట్టేశాడు.

"అయ్యబాబోయ్" అని నుదురు కొట్టుకున్నాడు. "ఇది నా తలకాయ పనే. మా నాన్నగారు స్టేషన్ మాస్టరమ్మా. ఆయన లైన్ క్లియర్ ఇస్తేనే బండి కదిలేది. చిన్నప్పట్నుంచి విన్న మాట, డౌటే రాలేదు."

నాకు ప్రాణం లేచివచ్చింది. తప్పు ఒప్పుకున్న మనిషి దిద్దుతాడనుకున్నాను.

"సరే, ఫేజ్ టూలో మార్చేద్దాం" అన్నాడు.

ఫేజ్ టూ అంటే డెమో అయ్యాక, పని మొదలయ్యాక, ఎప్పుడో. అతనే మళ్లీ అన్నాడు. "చూడమ్మా, ఆ మాట ఒక్కచోట లేదు. ఫిర్యాదుల్లో ఉంది, వ్యాన్లలో ఉంది, రిపోర్టుల్లో ఉంది. ఇప్పుడు కదిపితే అన్నీ కదులుతాయి. లక్డీకాపూల్లో ఇంకో క్లయింటు మన డెమో ఎలా అవుతుందా అని చూస్తున్నాడు. ఇది పోతే మనమంతా కింది అంతస్తులో ఏదో ఒక కోర్సులో చేరాల్సిందే."

"మరి ఆపరేటర్లు..."

"ట్రైనింగ్‌లో చెప్పేద్దాం. ఎల్‌సీ ఉన్న పచ్చని పచ్చ అనుకోవద్దు అని."

ఆ వాక్యం నేను మనసులో ఒకసారి అనుకుని చూశాను. వాన పడుతుంటే, ఫోన్లన్నీ ఒకేసారి మోగుతుంటే, పచ్చగా ఉన్న వరసను పచ్చ కాదనుకుని ఎవరు చూస్తారు? అదంతా అతనికి చెప్పాలి. నోట్లోంచి వచ్చింది మాత్రం ఒక్కటే.

"నేను సంతకం పెట్టను సార్."

అంతవరకు నేను టెస్ట్ చేసిన దేనికీ అలా అనలేదు. అతను విసుక్కోకుండానే అన్నాడు. "పోనీలే, నేను పెడతాను. కానీ ఈ విషయం క్లయింటు దగ్గర ఎత్తకు. వాళ్లతో మాట్లాడేది నేను."

ఇంటికి వెళ్లాక అక్కకు చెప్పాను. అక్క పంజాగుట్టలో చీరల షాపులో చేసేది. పొద్దంతా నిలబడి వచ్చి, కాళ్లు గోడకు ఎత్తిపెట్టి పడుకుని వింది.

"నీకెందుకే గీ లొల్లి? సంతకం నువ్వు పెట్టలే కద, ఇగ నీ మీద లేదు."

"నా మీద లేకుంటే అయిపాయెనా? ఎక్కేటోడు ఎక్కుతనే ఉంటడు కద."

"మరి పోయి చెప్పు వాళ్లకు."

"ఎట్ల చెప్పాలె?"

"నాతోని ఎట్ల కొట్లాడుతున్నవ్? గట్లనే" అని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు డెమోకు ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది. తెర ముందు కూర్చుని వరసగా నొక్కుతూ పోవడానికి ఒక మనిషి కావాలి. లీడర్ నా పేరే చెప్పాడు. "నీకు అన్ని స్క్రీన్లూ నోటికొచ్చు. పైగా నువ్వు మాట్లాడవు" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. "మాట్లాడేది నేను, నొక్కేది నువ్వు. ఫిర్యాదు చూపించాక నేరుగా స్టోర్‌కి వెళ్లిపో. ఫీడర్ల స్థితి జోలికి వెళ్లకు."

తల ఊపాను. ఊపినప్పుడు నిజంగా అలాగే చేద్దామనుకున్నానో లేదో ఇప్పటికీ తెలియదు.

డెమో పంజాగుట్టలో, కంట్రోల్ రూం పక్కనున్న హాల్లో. ఖర్చుల లెక్క చూసే డైరెక్టర్ ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కన, ఈ పని మొత్తం సంస్థ తరఫున చూస్తున్న ఇంజనీర్ మేడమ్. గట్టి మనిషి, మేం ఆవిడ ముందు కూర్చోవడానికి కూడా జంకేవాళ్లం. వెనక గోడకు ఆనుకుని, ఫీల్డు నుంచి వచ్చినవాళ్లలో మా లైన్‌మన్ అన్న. నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు.

లీడర్ బాగా చెప్పాడు. ఫిర్యాదు రావడం, దగ్గరి వ్యాను దానంతట అదే తేలడం చూసి డైరెక్టర్ చాలాసార్లు తల ఊపాడు. "ఇన్నాళ్లూ రెండేసి వ్యాన్లు తిప్పామన్నమాట" అన్నాడు. హాల్లో నవ్వులు. నాకూ గర్వంగానే అనిపించింది.

ఇప్పుడు స్టోర్‌కి వెళ్లాలి. నేను ఫీడర్ల తెర తెరిచాను.

లీడర్ చిన్నగా దగ్గాడు. నేను వెనక్కి చూడలేదు. పంజాగుట్ట ఫీడర్ ఒకటి తీసుకుని 'లైన్ క్లియర్' పెట్టాను. పెద్ద తెర మీద ఆ వరస పచ్చగా మారి, చివర బటన్ వెలిగింది. లీడర్ ఏదో చెప్పబోయేలోపే డైరెక్టర్ ముందుకు వంగాడు. ఆయన లెక్కల మనిషి, లైన్ల మనిషి కాదు.

"ఓహో, ఇక్కణ్నించే చార్జ్ చేసేయొచ్చన్నమాట. ఒక్క బటన్‌తో! నొక్కమ్మా, చూద్దాం."

నేను మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"నొక్క" అన్నాను.

"ఆఁ, నొక్కు."

"నొక్క సార్."

కోస్తా చెవులకు అది సగంలో ఆగిపోయిన మాటలా వినబడి ఉంటుంది. లీడర్ నవ్వు తెచ్చుకుని, "నొక్కుతానంటోంది సార్, కొంచెం కంగారు" అన్నాడు.

"కాదు" అన్నాను. నా గొంతు హాలు చివరిదాకా వెళ్లింది. "నేను నొక్కను అంటున్న. అది నొక్కొద్దు సార్. పోల్ మీద మనిషి ఉన్నడు."

ఒక్క నవ్వూ వినబడలేదు. ఇంజనీర్ మేడమ్ లేచి తెర దగ్గరికి నడిచింది. పచ్చ వరసను వేలితో చివరిదాకా చూసింది.

"ఎల్‌సీ ఇచ్చిన ఫీడర్‌కి గ్రీన్ వస్తుందా?"

"అవును మేడమ్."

"కంప్లైంట్లు కూడా క్లోజ్ అవుతాయా?"

"అయిపోతయి మేడమ్."

"ఇది మీకు ముందే తెలుసా?" ఈసారి ఆవిడ నన్ను కాదు, లీడర్ని చూస్తూ అడిగింది.

"తెలుసండి. ఫేజ్ టూలో మార్చాలని ప్లాన్ ఉందండి" అన్నాడు లీడర్.

వెనక గోడ దగ్గరి నుంచి మా లైన్‌మన్ అన్న గొంతు వచ్చింది. "ఫేజ్ టూ దాంక నన్ను పోల్ మీదనే ఉండమంటరా సార్? టిఫిన్ పైకి పంపుతరా మరి?"

ఈసారి నవ్వారు. మేడమ్ నవ్వలేదు. ఎల్‌సీ సంగతి సరిచేసేదాకా ఈ తెర పనిలోకి రాదని అక్కడే చెప్పేసింది. డైరెక్టర్ తేదీల గురించి ఏదో అన్నాడు. "తేదీ మారుద్దాం సార్" అంది ఆవిడ, అంతే.

మెట్ల దగ్గర లీడర్ నన్ను ఆపాడు. ముఖం ఎర్రగా ఉంది, గొంతు మాత్రం అప్పుడూ పెరగలేదు.

"నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెప్పిన సార్."

"నీకు ఇంత గొంతుందని తెలిస్తే ఇంకొకర్ని కూర్చోబెట్టేవాణ్ని" అని దిగి వెళ్లిపోయాడు.

దిద్దింది అతనే. కసిగా, బాగా దిద్దాడు. అతను అన్నట్టే అన్నీ కదిలాయి, అయినా దిద్దాడు. టెస్ట్ చేయడానికి మళ్లీ నన్నే పిలవాల్సి వచ్చింది, మేడమ్ అడిగిందట. ఎల్‌సీ ఇస్తే వరస ఎర్రబడాలి, బటన్ మాయమవ్వాలి, రిటర్న్ నమోదయ్యేదాకా ఎవరు ఏం నొక్కినా కదలకూడదు. అన్నీ అయ్యాయి. ఒక్కచోటే పేచీ వచ్చింది. ఆ 'లైన్ క్లియర్' అన్న మాటే తెర మీద ఉండొద్దని నేనన్నాను.

"మరేం రాయమంటావ్?"

"మనిషి ఉన్నడు అని."

"తెలుగు ఫాంటు ఈ సిస్టంలో రాదమ్మా."

"ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయండి సార్."

అతను టైప్ చేశాడు. చేసి, చదివి, మొదటిసారి కొంచెం నవ్వాడు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 'ఉన్నాడు', 'ఉన్నడు' రెండూ ఒకటే. అతను అతనిలా చదువుకున్నాడు, నేను నాలా చదువుకున్నాను. ఆ తెరకు నేను సంతకం పెట్టాను.

ఒక మాట చెప్పాలి. ప్రాజెక్టు లెక్కల్లో, ఎల్‌సీ ఫోన్లు తీసుకునే ఆపరేటర్ని తగ్గించొచ్చని ఒక వాక్యం ఉండేది. గొంతు గుర్తుపట్టడానికి ఒక జీతం ఎందుకు అని. ఆ వాక్యం మేడమ్ కొట్టేసింది. వ్యాన్ల ఖర్చు తగ్గింది, స్టోర్‌కి తిరిగే తిరుగుడు తగ్గింది, చీటీలు పోయాయి. ఈ ఒక్క ఖర్చు తగ్గలేదు. తగ్గనందుకు ఇవాళ్టికీ నాకేం బాధ లేదు.

మా కంపెనీ నన్ను తిట్టలేదు. ఇంకే ప్రాజెక్టులోకీ తీసుకోలేదు, అంతే. తెర ముందు ఊరికే కూర్చోబెట్టారు. కొన్నాళ్లకు రానవసరం లేదన్నారు. అదే సమయంలో పంజాగుట్ట కంట్రోల్ రూంలో ఫిర్యాదుల డెస్కుకు మనుషులు కావాలని తెలిసి వెళ్లి అడిగాను. ఫోన్లు ఎత్తే పని. అక్క తల పట్టుకుంది.

"సాఫ్ట్‌వేర్ ఇడిసిపెట్టి ఫోన్లు ఎత్తుతవా? నువ్వా? నీకు దుకాణంల ఉప్పు అడగనీకే సిగ్గు!"

"నేర్చుకుంట" అన్నాను.

ఆ ఏడు తొలి వాన మధ్యాహ్నం పూట విరుచుకుపడింది. అమీర్‌పేట వైపు లైను మీద చెట్టుకొమ్మ విరిగిపడింది. మా లైన్‌మన్ అన్నే ఫోన్ చేసి ఎల్‌సీ అడిగాడు. ఆపరేటర్ ఇచ్చాడు, నేను నమోదు చేశాను. వరస ఎర్రబడింది. ఇక ఫోన్లు మొదలయ్యాయి. అందులో ఒకాయన ఇన్‌స్టిట్యూట్ ఓనరు.

"మా దగ్గర బ్యాచులకు బ్యాచులు చీకట్లో కూర్చున్నాయమ్మా. ఎప్పుడొస్తుంది?"

"పని నడుస్తుంది సార్."

"అదే, ఎంతసేపు?"

"చెప్పలేను సార్."

"చెప్పలేనిదానివి ఫోన్ ఎందుకెత్తావ్?"

ఇదివరకైతే ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగేవి. "మీరు చేసిన్రు కాబట్టి ఎత్తిన సార్" అన్నాను. ఆయన పెట్టేశాడు.

వాన తగ్గింది. వరస ఇంకా ఎర్రగానే ఉంది. లైన్‌మన్ అన్న సెల్‌కి ఆపరేటర్ మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తున్నాడు, ఎవరూ ఎత్తడం లేదు. పైఆఫీసు నుంచి అతనికి వేరే ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ రిసీవర్ చేత్తో మూసి నా వైపు తిరిగాడు.

"కొమ్మ తీసేసిన్రని ఆడున్నోళ్లు ఎవరో చెప్పిన్రట. చార్జ్ చెయ్యమంటున్నరు. దిగే ఉంటడు కద? సిస్టంల రిటర్న్ కొట్టరాదూ, కరెంటు ఇచ్చేస్త."

"దిగిండని ఆయన చెప్పలే కద అన్నా."

"నన్ను తింటున్నరమ్మా పైనుంచి."

"ఫోను నాకియ్యండి."

ఆపరేటర్ నమ్మలేనట్టు చూసి, ఇచ్చేశాడు.

"ఎవరు మాట్లాడేది?" అంది అటు గొంతు.

"కంప్లైంట్ డెస్క్ సార్."

"ఆ లైను ఎందుకు చార్జ్ చేయలేదు?"

"మనిషి ఉన్నడు సార్."

"దిగిపోయాడని చెప్తుంటే!"

"ఆయన చెప్పలే సార్."

"నేను చెప్తున్నాను కదా."

"మీ గొంతు చెల్లదు సార్."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఆపరేటర్ నా ముందు మంచినీళ్ల గ్లాసు పెట్టి, కుర్చీ తెరకు దూరంగా జరుపుకుని కూర్చున్నాడు. ఇద్దరం ఎర్ర వరసను చూస్తూ కూర్చున్నాం. ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఎత్తుతూనే ఉన్నాను.

వాటిలో ఒకటి ఏదో కిరాణా షాపు నుంచి వచ్చింది.

"కంప్యూటరమ్మా, నేనే. సెల్లు మోరీ నీళ్లల్ల వడ్డది. కొమ్మ తీస్తుంటే పక్క పోల్ మీద తీగ సుత తెగి కనవడ్డది. అది కట్టి ఇప్పుడే దిగిన. ఎల్‌సీ రిటర్న్ రాసుకో."

"పేరు చెప్పు అన్నా" అన్నాను.

"ఏంది? నా గొంతు ఎర్క లేదా?"

"ఎర్కనే. అయినా చెప్పు."

"తడిసి ముద్దయి నిలబడ్డ, గీమె నా పేరు అడుగుతుంది!" అని అక్కడెవరికో చెప్పుకుని, ఇంటిపేరుతో మొదలుపెట్టి పేరు, వాళ్ల నాన్న పేరు, తాత పేరు కూడా గట్టిగా చదివాడు. "ఎల్‌సీ రిటర్న్. చాల్నా, ఊరు సుత చెప్పాల్నా?"

రిసీవర్ ఆపరేటర్‌కి ఇచ్చాను. అతనూ విన్నాడు. రిటర్న్ నమోదు చేశాను, లైను చార్జ్ చేశారు.

మళ్లీ ఫోన్. ఇందాకటి ఇన్‌స్టిట్యూట్ ఓనరే.

"ఇప్పుడొచ్చింది కరెంటు. ఒక్క కొమ్మ తీయడానికి ఇంతసేపా?"

"అవును సార్" అన్నాను. "అంతసేపు పడుతది."